గడి బావి నీళ్లు

సత్తెప్రమాణంగ చెప్తున్న లక్ష్మీరాజం సారూ, గిండ్ల ఒక్క ముక్క అబద్ధమున్నా నా పండ్లన్నీ రాలిపోవాలె! నవ్వకు. మిగిలినయి మూడేనని నాకూ ఎరుకే.

ఊర్లెకు వాంతులు భేదుల గత్తర వచ్చుడుతోనే మా దొర నలభై బండ్లు కట్టించుకొని కరీంనగర్ పోయిండు. నలభై కాదా? సరే, నాలుగు. చిలుక పంజరం సుత మరువలే. ఐదేండ్ల కింద, పోలీస్ యాక్షన్ నాడు గూడ గిట్లనే ఉరికిండు. కోటసోంటి తన గడికి తాళమేసిండు. మంచినీళ్ల బావేమో గడి లోపట!

మొన్న బడి అరుగు మీద నువ్వే చదివి చెప్పినవు గదా? ఎన్కట ఐరోపల గసోంటి మహమ్మారే వస్తే పెద్ద పెద్ద దొరలు పట్నాలిడిసి ఉరికిండ్రని. సగం మంది సచ్చినంక, మిగిలిన కూలోళ్లు ఎక్కువ కూలి అడుగొద్దని ఇంగ్లండుల కానూన్ చేసిండ్రని. మా దొర తాతలు ఆడికెల్లే వచ్చిండ్రా ఏందని నాకు అనుమానమొచ్చింది!

అదే చీనా రాజైతే, కరువొస్తే తప్పు నాదేనని చాటింపేసి గాదెలు తెరిచేటోడట. ఢిల్లీ సుల్తాను బావులు తవ్వుకోన్రని పైసలిచ్చిండట. ఏందీ, అందరు గట్ల చెయ్యలేదా? ఆడ గూడ తలుపులేసుకున్నోళ్లున్నరా? గట్ల చెప్పు మరి!

వాగు నీళ్లు తాగొద్దని డప్పు కొట్టిపిస్తివి. మరేం తాగాలె? ముత్తయ్య పాయె. శంకరవ్వ పాయె. పొద్దుగాల లింగవ్వ బిడ్డకు వాంతులు మొదలైనయి.

జర నా కుండల తొంగి చూడు. ఎంత తేటగున్నయో! వాగు నీళ్లు గిట్లుంటయా?

గా గడిల నూరేండ్లు నీళ్లు తోడిన... నలభై అనుకో. పోయేటప్పుడు దొర తాళంచెవి నా చేతులనే పెట్టిండు. "దేవవ్వా, ఎవ్వలకియ్యకు" అన్నడు. ఆయన ఎంట తీస్కపోయిండని ఊరంతటికి చెప్పింది నేనే.

భయమా? భయం కొంత. అంత పెద్ద మనిషి నన్ను నమ్మిండన్న మురిపెం కొంత. ఐదు దినాలు, సారూ. గిది పెంచి చెప్తలేను. ఐదు దినాలు గా బావికి నేనే దొరసానినైన.

గట్ల చూడకు. దొరొచ్చి నా తోలు తీస్తడా, తియ్యనీ.

ఇగో తాళంచెవి. ఎనుక దర్వాజ బిగుసుకున్నది, భుజమేసి నూకు. మొదటి బిందె లింగవ్వ ఇంటికి తీస్కపో, కాగబెట్టి తాపుమను. ఎవ్వలిచ్చిండ్రని అడిగితే నా పేరే చెప్పు, ఐదు దినాలు దాసిన సంగతి గూడ చెప్పు. ఉరుకు!