పచ్చి గోడ

పసిపిల్లల బడి. మధ్యాహ్నం, పిల్లలు పడుకునే వేళ. ఆటల గదిలో మోకాలెత్తు కుర్చీలో ఎలాగో ఇరుక్కుని కూర్చున్నాడు మేస్త్రీ తాత. ఎదురుగా అలాంటి కుర్చీలోనే టీచరు. ఆవిడకి అలవాటే.

"కొరికిందా? మా పిడుగే?"

"మీ మనవరాలే. నిన్న ఒకణ్ణి, ఇవాళ ఇద్దర్ని. కొంచెం మెల్లగా మాట్లాడండి మేస్త్రీ గారూ, పక్క గదిలో పిల్లలు పడుకున్నారు."

"ఇంట్లో చీమని కూడా తొక్కదమ్మా అది. వీళ్ళు దాన్నేమన్నారో కనుక్కున్నారా?"

"ఏమీ అనలేదు. గోడ ముట్టుకున్నారు."

"ఏ గోడ?"

"మీ వెనకాల, ఆ మూల. అలా తిరక్కండి, కుర్చీ విరుగుతుంది. లేచి చూడండి."

"లేస్తే కుర్చీ కూడా నాతోనే వస్తోందమ్మా. ఆఁ, వదిలింది. ఏదీ? ఈ రంగు అద్దాలా?"

"అద్దాలు కావు, ప్లాస్టిక్ బిళ్ళలు. అంచుల్లో అయస్కాంతాలుంటాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే టక్కున అతుక్కుంటాయి. పిల్లలు వాటితో ఇళ్ళూ వంతెనలూ కట్టుకుంటారు. ఆకారాలు తెలుస్తాయి, లెక్క తెలుస్తుంది, కాస్త ఓపిక కూడా వస్తుంది."

"సిమెంటు?"

"ఉండదండి."

"మట్టో, సున్నమో, మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా?"

"ఏమీ ఉండదు. అయస్కాంతమే."

"మరి దీన్ని గోడంటారేంటమ్మా? ఇది మొహమాటానికి నిలబడింది."

"అనేది నేను కాదు, మీ మనవరాలు. దాని కింద నేల చూడండి."

"తడిగా ఉందే! పైకప్పు కారుతోందా? నిచ్చెన ఉంటే ఇప్పుడే ఎక్కి..."

"పైకప్పు బాగానే ఉంది, కూర్చోండి. అవి తను పోసిన నీళ్ళు. పొద్దున రాగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇంటికెళ్ళేముందు ఒకసారి. తాగడానికి తెచ్చుకున్న సీసాలోంచి. ఆరు రోజుల నుంచీ ఇదే వరస."

"గోడకి నీళ్ళు పడుతోందా!"

"ఎందుకు నవ్వుతున్నారు?"

"నవ్వట్లేదమ్మా. పైనుంచి పోస్తోందా, పక్కనుంచి చల్లుతోందా?"

"మేస్త్రీ గారూ!"

"పైనుంచి పోయాలి, సన్నటి ధారగా. కొత్త గోడకి ఏడు రోజులు నీళ్ళు పట్టకపోతే బీటలిస్తుందమ్మా. ఎవర్నైనా అడగండి."

"ఇది ప్లాస్టిక్కండి! దీనికెక్కడి బీటలు? పన్నెండు బిళ్ళలు తుప్పు పట్టాయి. ఇవిగో, ఈ అంచులు చూడండి. అవి తీసేసి మంచివి పెట్టాను, వాటికీ పోసింది. వాళ్ళమ్మేమో గేటు దగ్గర నా చేతులు పట్టుకుని, మీ దగ్గర మా పిల్ల నీళ్ళు ఎంత బాగా తాగుతోంది టీచర్, సీసా ఖాళీ చేసి తెస్తోంది అని మురిసిపోతోంది. నేనేం చెప్పను?"

"చెప్పకండి. దానికి తిట్లు పడతాయి."

"అసలు ఇదంతా ఎవరు నేర్పారు?"

"నాకేం తెలుసమ్మా."

"రబ్బరుకి దారం కట్టి, గోడ పక్కన వేలాడదీసి, ఒక కన్ను మూసుకుని చూడటం?"

"టీవీలో చూసుంటుంది."

"పక్క పిల్లాడు పెట్టిన బిళ్ళ వంకరగా ఉంటే, ఎవడ్రా ఈ వరస పెట్టింది, వాడి చేతులు విరిచెయ్య అనడం?"

"అది... అది మాత్రం నా మాటే అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చా?"

"ఇంటి దగ్గర గది కడుతున్నాను కదమ్మా. ఇటుకల కుప్ప మీద ఎక్కి కూర్చుని చూస్తుంది. చూసేటప్పుడు చెవులు మూసుకోదు కదా."

"గది ఎవరికి?"

"మా అమ్మాయి కట్టమంది. సామాన్లకట."

"సామాన్లకా?"

"నేనూ అదే అడిగాను. సామాన్లకి ఇంత కిటికీ ఎందుకే అంటే, గాలి కోసం నాన్నా అంది. సరే, పెట్టాను. నాలుగు రోజులు పోయాక, పక్కనే స్నానాల గది కూడా కట్టు నాన్నా అంది. సామాన్లు స్నానం చేస్తాయా అమ్మా?"

"మీకు నిజంగానే తెలీదా మేస్త్రీ గారూ?"

"ఏంటి తెలిసేది? గీసిచ్చింది కట్టడం తెలుసు నాకు. ఇంతకీ నన్నెందుకు పిలిపించారో చెప్పండి, ఎల్లుండి నా ప్రయాణం. ఇంకా ఏమీ సర్దుకోలేదు."

"ప్రయాణమా? ఎక్కడికి?"

"చాలా దూరం. పెద్ద కట్టడం, రెండేళ్ళ పని. ఇక్కడ గది గోడలకి రేపటితో నీళ్ళు పట్టడం అయిపోతుంది. గోడ పచ్చిగా ఉండగా మేస్త్రీ వదిలి వెళ్ళకూడదు, ఆరాక ఒక్క రోజు కూడా ఉండకూడదు. నలభై ఏళ్ళుగా అదే నా పద్ధతి."

"ఈ వయసులో రెండేళ్ళ పనా? మీ అమ్మాయి ఉండమనలేదా?"

"అనలేదు. అంటే నేను ఆ రోజే మూట సర్దేస్తానని తెలుసు దానికి. కూతురింట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే రకం కాదమ్మా నేను."

"మరి పిల్లకి చెప్పారా, వెళ్ళిపోతున్నానని?"

"చెప్పలేదు."

"ఎందుకు?"

"ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను చూడలేను. బస్సెక్కాక వాళ్ళమ్మే చెప్తుందిలెండి. మీరు విషయానికి రండి."

"విషయం ఇదే. రేపు ఈ గది కడిగించాలి. ఆ గోడ తీసెయ్యాలి. తీయబోతే కొరుకుతుంది. నా మాట వినదు, ఆయా మాట వినదు. ఆరిపోయిందమ్మా, ఇంక చాలు అంటే, మీకేం తెలుసు, మా తాత వచ్చి చూసి చెప్పాలి అంటోంది."

"అలా అందా?"

"నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది."

"అయితే నన్ను పిలిచింది తిట్టడానికి కాదన్నమాట."

"తిట్టడానికి కూడా. కానీ ముందు ఆ ఒక్క ముక్క చెప్పేయండి. ఆరింది. అంతే."

"చూడకుండా ఎలా చెప్తానమ్మా? నలభై ఏళ్ళలో పచ్చి గోడని ఆరిందని గానీ, ఆరిన గోడని పచ్చిగా ఉందని గానీ ఒక్కసారి అనలేదు నేను. ఇంటి యజమానులు కాళ్ళావేళ్ళా పడ్డా అనలేదు. నా నోటి మాట మీద మేడలు లేపారు జనం."

"ఇది అరచెయ్యంత బిళ్ళల గోడండి!"

"గోడ గోడేనమ్మా."

"ఇందాక మొహమాటానికి నిలబడిందన్నారు?"

"ఇందాక సరిగ్గా చూళ్ళేదు. ఏదీ, ఆ బుట్టలోంచి రెండు బిళ్ళలు ఇలా ఇవ్వండి. ఓర్నీ! చేతిలోంచి లాగేసుకుంటోందే!"

"అయస్కాంతం కదా."

"అయస్కాంతం ఒక వైపు లాగితే ఇంకో వైపు తోసేస్తుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. తిప్పి పెడితే ఏమవుతుంది మీ గోడ?"

"తిప్పి పెట్టి చూడండి."

"అతుక్కుంది."

"ఎటు తిప్పినా అతుక్కుంటుంది. లోపల అయస్కాంతం గుండ్రంగా ఉంటుంది. పక్క బిళ్ళ దగ్గరికి రాగానే అదే తిరిగి సర్దుకుంటుంది. లేకపోతే పిల్లలు విసుక్కుని విసిరి కొడతారు."

"అమ్మ దొంగా! ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి. ఆ త్రికోణం ఇలా అందివ్వండి."

"మేస్త్రీ గారూ, నేను మాట్లాడుతున్నాను."

"వింటున్నానమ్మా, మాట్లాడండి. ఎర్రది కాదు, నీలంది. ఇంకోటి. ఇంకోటి. చూశారా, ఒక్క కర్ర ఆసరా లేకుండా గుమ్మటం లేస్తోంది!"

"ఇటు వైపు ఖాళీగా ఉంది. ఇది పెట్టనా?"

"పెట్టండి. అదీ! మీ చెయ్యి మంచి చెయ్యమ్మా. ఊపిరి బిగబట్టండి, ఇదే ఆఖరిది. ఆఁ! అయిపోయింది. ఇంట్లో చెప్పకండి, నేను దీంతో ఆడానని."

"నేనూ ఆడాను కదా, ఎవరికి చెప్తాను! సరే, తనని పిలుస్తాను. మాట మార్చకండి మరి."

"పిలవక్కర్లేదు. తలుపు సందులోంచి ఒక కన్ను చూస్తోంది."

"నేను నిద్రపోతున్నాను."

"నిద్రపోయేవాళ్ళు మాట్లాడరే పిడుగూ. ఇలా రా."

"తిట్టనంటే వస్తా."

"తిట్టను, రా."

"తాతా! ఈ గుమ్మటం నువ్వు కట్టావా?"

"టీచరమ్మ కట్టింది."

"మేస్త్రీ గారూ!"

"బాగుంది టీచర్. కానీ పునాది లేదు."

"విన్నారామ్మా? పునాది లేదట. సరే గానీ పిడుగూ, పిల్లల్ని కొరకొచ్చా?"

"కొరకలేదు. పళ్ళు పెట్టానంతే."

"ఎందుకు పెట్టావు?"

"గోడ పచ్చిగా ఉంది, ముట్టుకోవద్దని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. నువ్వు రెండుసార్లే చెప్తావు, తర్వాత తాపీ విసురుతావు."

"తాపీ విసురుతారా!"

"ఎప్పుడో ఒకసారమ్మా. తగల్లేదు."

"మీ తాతగారు వచ్చారు కదా బంగారూ, ఇప్పుడు చూసి చెప్తారు. చూడండి మేస్త్రీ గారూ."

"చూస్తున్నాను. వరసలు సూటిగా ఉన్నాయి. మూల కుదిరింది. నీ తూకం గుండు ఏదే?"

"ఇదిగో, నా రబ్బరు. దారం పీకకు, ఊడిపోతుంది."

"పీకను. ఊఁ... తూకం కూడా తప్పలేదు. ఇదంతా నువ్వొక్కదానివే కట్టావా?"

"ఒక్కదాన్నే."

"నా మొదటి గోడ ఇంతకంటే వంకరమ్మా. నిజం చెప్తున్నాను. నా చేతి పనే దీనికి వచ్చింది."

"సంతోషం. ఇంతకీ ఆరిందా?"

"ఆరింది. పిడుగూ, ఆరిపోయిందే. ఇంక నీళ్ళక్కర్లేదు. టీచరమ్మని తీసుకోనివ్వు."

"ఆరలేదు."

"ఆరింది తల్లీ."

"ఆరలేదు! చెయ్యి పెట్టి చూడు, తడి!"

"అది ఇందాక నువ్వు పోసిన నీళ్ళు."

"పోస్తే పచ్చిగానే ఉన్నట్టు కదా!"

"ఏడవకు బంగారూ. రేపటికి ఏడు రోజులవుతాయి. రేపు తీద్దాం, సరేనా?"

"రేపూ ఆరదు టీచర్."

"పోనీ, ఎల్లుండి?"

"ఎల్లుండి అస్సలు ఆరదు!"

"మరెప్పుడు ఆరుతుందే?"

"ఎప్పటికీ ఆరదు. నేను రోజూ పోస్తాను. సీసా మొత్తం పోసేస్తాను. దాహం వేసినా తాగను."

"ఆరు రోజుల నుంచీ బళ్ళో నీళ్ళు తాగట్లేదా నువ్వు? పిచ్చిదానా! ఎందుకే ఇంత మొండితనం?"

"నువ్వే అన్నావు."

"నేనేమన్నాను?"

"అమ్మతో అన్నావు. నేను ఇటుకల మీద కూర్చున్నప్పుడు. గోడ పచ్చిగా ఉండగా మేస్త్రీ వదిలి వెళ్ళడు అన్నావు."

"అన్నాను. అంటే?"

"ఇంట్లో గోడ రేపు ఆరిపోతుంది తాతా. దానికి నీళ్ళు పోద్దామంటే పైపు బరువు, నేను ఎత్తలేను. అందుకని ఇక్కడ ఇంకోటి కట్టాను."

"టీచరమ్మా..."

"చెప్పండి."

"ఏం లేదమ్మా. ఆ కుర్చీ ఇలా జరపండి, కూర్చుంటాను."

"తాతా, ఇది గోడేనా? నిజం గోడేనా?"

"గోడే తల్లీ. నిజం గోడే."

"మరి ఆరిందా?"

"మేస్త్రీ గారూ, తొందరేం లేదు. గది రేపు కడిగించకపోయినా మునిగిపోదు. కానీ నలభై ఏళ్ళుగా ఒక్కసారీ అబద్ధం చెప్పలేదన్నారు..."

"గుర్తుందమ్మా. కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి. ఇందాక సరిగ్గా చూళ్ళేదు నేను."

"ఇప్పుడు చూశావా తాతా?"

"చూశాను. పచ్చిగా ఉంది."

"ఎంత పచ్చి?"

"ఇంత పచ్చి గోడని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదే. ఏళ్ళు పడుతుంది ఇది ఆరడానికి. టీచరమ్మా, దీన్ని వదిలేసి కదిలితే నేను మేస్త్రీనే కాదు. ఆ సీసా ఇలా తే పిడుగూ. గోడకి కాదు, ముందు నువ్వు తాగు. మొత్తం తాగాలి. తాగాక ఇంటికి పోదాం పద, మీ అమ్మని అడగాలి, ఆ సామాన్ల గదిలో నా మంచం ఏ వైపు వేస్తుందో."