చిక్కుడు పాదు మీద పురుగులు

పెరట్లో చిక్కుడు పందిరి కింద నిలబడి అత్త గాజు సీసా పైకెత్తి చూపించింది. లోపల నల్లటి పురుగులు పాకుతున్నాయి. కోడలు దగ్గరికొచ్చి తొంగిచూసింది.

"ఎక్కడివివి, అత్తయ్యా?"

"నీ పాదువే. ఒళ్ళంతా ముళ్ళు, మొసలిపిల్లల్లా ఎలా ఉన్నాయో చూడు. పొద్దుటినుంచి ఒక్కొక్కటే ఏరాను. నడుం పడిపోయిందనుకో."

"నా పాదు జోలికి రావద్దని చెప్పానుగా!"

"చెప్పావు. నువ్వు మందు కొట్టవు, నన్ను కొట్టనివ్వవు. రసం పీల్చే పేనుబంక పట్టి పూతంతా రాలిపోతుంటే కళ్ళప్పగించి కూర్చోమంటావా?"

"ఆ పేనుబంకని తినేవే ఇవి. అక్షింతల పురుగు పిల్లలు."

"వేళాకోళమా? అక్షింతల పురుగు ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో ముద్దొస్తూ ఉంటుంది."

"అది పెద్దయ్యాక. చిన్నప్పుడు ఇలాగే ఉంటాయి."

అత్త సీసా మూత తీసి, ఒక్కో పురుగునీ చిక్కుడాకు మీదికి ఎక్కించసాగింది.

"మరి నిన్న సబ్బునీళ్ళలో వేసినవో?"

పొద్దుటికల్లా పేనుబంక అంతలా ఎందుకు ఎగబడిందో కోడలికి అప్పుడు అర్థమైంది.

"అవి... వేరే పురుగులై ఉంటాయిలెండి."

"ఎన్ని వేశానని అడగవేం?"

"ఎందుకులెండి, అత్తయ్యా."

"ఆ బకెట్టు ఇంకా పారబొయ్యలేదు. నీకు చూపించి శభాష్ అనిపించుకుందామని దాచిపెట్టా."