పేర్లు చదువుకుంటూ వచ్చా

హలో… ఆ, నేనే, రోలండ్‌ని. నీ మొగుణ్ణి.

ఎక్కడేంటి, కాలవ గట్టు మీద… సైకిల్ తొక్కుకుంటూ వచ్చా. పొద్దున్నే బాత్ ఊళ్లో బయల్దేరా.

నవ్వు, నవ్వు. అరవై ఆరేళ్లవాడు సైకిలెక్కితే నవ్వక ఏం చేస్తావు…

నీకోసమే గ్లెనిస్. మార్చిలో నువ్వు పడవ విప్పుకుని వెళ్లిపోయావు… ఇల్లు తినడానికొస్తోంది. ఇంటికి రా. లేదా నన్నే పడవెక్కించుకో.

తెలుసు. రిటైరయ్యాక పడవలోనే ఉందామన్నది నేనే. ఏటా ‘వచ్చే ఏడు’ అన్నదీ నేనే… ఒప్పుకుంటున్నాగా.

ఇప్పుడు డివైజెస్ ఊళ్లో. కాలవ లాకులు ఇరవై తొమ్మిదీ, వాటి పక్క గట్టంతా ఎక్కేసి పైన కూలబడ్డా. దారంతా మన పడవ ‘ఎథెల్’ కోసం చూస్తూనే వచ్చా, గట్టున కట్టిన ప్రతి పడవ మీదా పేరు చదివా… నువ్వెక్కడున్నావసలు?

సీండ్‌లోనా? ఇందాక ఆ ఊరు దాటుకునేగా వచ్చా… లేదు, అక్కడ ఎథెల్ లేదు.

ఏంటి… పేరు మార్చావా?

నీళ్లలో ఉన్న పడవకి పేరు మారిస్తే అరిష్టమని నువ్వే కదా… అదే ధైర్యంతో వచ్చా నేను!

క్రేన్ పెట్టి ఒడ్డుకెక్కించి మార్చావా? …ఎప్పుడు?

ఏప్రిల్‌లో. అంటే వెళ్లిన నెలకే.

కోపం కాదు… మా అమ్మ పేరది. ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే నడిపావు, ఒక్కమాట అనలేదే—

అన్నావా? …అనే ఉంటావులే. నేనే విని ఉండను.

ఇప్పుడేం పేరు?

‘స్కైలార్క్’… ఆగాగు. ఆకుపచ్చది… రంగూ మార్చావా. పైన పుదీనా కుండీలు. చదివా దాన్ని! పడవ పక్కన గట్టు మీద ఎవరో ఆవిడ కిటికీ అద్దాలు తుడుస్తోంది. బెల్లు కొడితే పక్కకి జరిగింది. ‘థాంక్సండీ’ అని కూడా—

…

నువ్వా?

మొహం చూళ్లేదు గ్లెనిస్… పేర్లే చూస్తున్నా.

నువ్వు చూశావా నన్ను?

బెల్లు కొట్టకముందేనా… వంతెన కిందనుంచి వస్తుండగానే?

మరి పిలవలేదేం?

పిలవాలనే అనిపించలేదా…

అనిపించింది. ఊ. మరి?

…దాటి వెళ్లిపోయాక హాయిగా అనిపించిందా.

లేదు, ఉన్నా. వింటున్నా.

ఇక్కణ్ణించి పల్లమే గ్లెనిస్, తొక్కక్కర్లేదు కూడా, అరగంటలో నీ దగ్గర—

…వద్దా.

సరే. రాను… వేరే దారిన పోతాలే. గట్టు మీదకి రాను, నువ్వు పడవ లోపల దాక్కోనక్కర్లేదు, అద్దాలు తుడుచుకో…

హలో? గ్లెనిస్?