గాదెలు చెడగొట్టిన లోయిస్ గారు

శ్రీమతి చెసాంగ్ లోయిస్ గారు పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూలై ఒకటవ తేదీన, ఎల్గన్ కొండవాలు మీది మన సబ్‌కౌంటీ సముదాయాభివృద్ధి కార్యాలయంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు కార్యాలయమంటే రేకుల కప్పు కింద ఒక గది, ఒక బల్ల, వాన పడితే పక్కవారి మాట కూడా వినపడనంత చప్పుడు. మన సబీనీ జాతిలో బాలికను స్త్రీగా మారుస్తుందని తరతరాలుగా నమ్ముతూ వచ్చిన జననాంగ ఛేదనాన్ని, ఇళ్ళలో మనం ముక్తసరిగా ‘కోత’ అనే ఆ ఆచారాన్ని, మాన్పించడమే ఆమెకు అప్పగించిన కార్యభారం. సుదీర్ఘ సేవానంతరం పదవీ విరమణ చేస్తున్న ఆమెను గురించి నాలుగు మాటలు రాయమని ప్రత్యేక సంచిక సంఘంవారు కోరుతూ, ‘కోతను అంతమొందించిన ధీరవనిత’ అనే శీర్షికను కూడా వారే సూచించారు. ఆ శీర్షిక చూసి లోయిస్ గారు కాగితం వెనక్కి తోసేశారు.

“అంతమొందించానా? ఏమో, ఏం చేశానో నాకే తెలీదు. అది తీసెయ్యండి బాబూ,” అన్నారు. తీసేశారు.

లోయిస్ గారికి కోత జరగలేదు. కోతల నెల డిసెంబరు. ఆమె ఈడు పిల్లలంతా కత్తి ముందు నిలబడిన డిసెంబరులో ఆమె ఎంబాలే పట్నం ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నారు. సభల్లో ఎవరైనా ఆమె ధైర్యసాహసాలను కొనియాడబోతే, “ధైర్యం కాదండీ, పచ్చకామెర్లు,” అని సరిదిద్దేవారు. కోత లేని స్త్రీకి జుట్టు నెరిసినా మన ఊళ్ళలో ‘పిల్ల’ అన్న పిలుపు తప్పదు. పశువుల దొడ్లో పేడ ఎత్తకూడదు, గాదె ఎక్కకూడదు. ఎక్కితే గింజ చెడుతుందని మన పెద్దల విశ్వాసం. అయితే శ్రీ చెమోంగెస్ గారితో వివాహమైన నాటినుండి కాపురం క్వార్టర్సులోనే గనుకా, పిండి అంగట్లో దొరికేది గనుకా, ఆ నిషేధం ఆమె నిత్యజీవితానికి పెద్దగా అడ్డు రాలేదు.

కార్యదక్షత వలన ఆమె అనతికాలంలోనే అధికారిణి హోదా పొందారు. ఊరూరా సభలు జరిపారు, కోత మూలంగా కాన్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న తల్లుల కథలు చెప్పారు, కోతను నిషేధించే చట్టం వచ్చాక దాన్ని పట్టుకుని పోలీసు జీపులో గుంతల దారుల వెంట తిరిగి నడుము నొప్పి తెచ్చుకున్నారు. దాంతో కోత వాకిళ్ళు వదిలి అడవిలోకి పోయింది, సువామ్ నది దాటి అవతలి దేశానికీ పోయింది. కత్తి ముందుకు వచ్చే చిన్నపిల్లలు తగ్గారు. కానీ పెళ్ళై, బిడ్డల తల్లులైన కోడళ్ళు తమంతట తామే రావడం మొదలైంది. ఏ శిక్షణ శిబిరంలోనూ దీనికి సమాధానం చెప్పలేదు.

రెండు వేల పద్నాలుగు డిసెంబరులో స్కోవియా అనే ఇద్దరు బిడ్డల తల్లి కార్యాలయానికి వచ్చి, ఎంతో మర్యాదగా కుర్చీ అంచున కూర్చుంది.

“మేడమ్, వచ్చే వారం నేను కోయించుకుంటున్నాను. పోలీసులకి చెప్తే చెప్పండి. మీకు చెప్పకుండా చేస్తే బాగుండదని వచ్చాను.”

లోయిస్ గారు అలవాటైన ఉపన్యాసం ఎత్తుకున్నారు. స్కోవియా చెయ్యి అడ్డం పెట్టింది.

“అవన్నీ తెలుసు మేడమ్. మా అక్క కాన్పులో ఎలా పోయిందో నేను పక్కనే ఉండి చూశాను. బిడ్డా దక్కలేదు.”

“తెలిసి తెలిసి ఎందుకే మరి?”

“మా అత్త తుంటి విరిగి కూలబడింది. ఇంక గాదె ఎవరెక్కాలి? పక్కింటావిడకి దయ కలిగితే వచ్చి చేటెడు రాగులు దించుతుంది. దించినప్పుడల్లా ‘ఏం పిల్లా, నీ బిడ్డల్ని కూడా నేనే సాకాలా’ అంటుంది. నిన్న రాలేదు. గాదె నిండా గింజలు పెట్టుకుని నా పిల్లలు ఆకలితో పడుకున్నారు.”

“నీ మొగుణ్ణి ఎక్కమను.”

“మగాడు గాదెలో చెయ్యి పెడితే ఊరు నవ్వదా మేడమ్? మీరే చెప్పండి, గింజలు ఎవరు దించాలి?”

లోయిస్ గారు బల్లమీది చట్టం ప్రతి వంక చూశారు. అందులో గాదె ప్రస్తావన లేదు.

మరునాడు ఆమె స్కోవియా ఇంటికి వెళ్ళారు. అత్తగారు, ఊళ్ళో అందరూ మూసోబో నాయనమ్మ అని పిలిచే పెద్దావిడ, ఎండలో తోలు పరుచుకుని కూర్చుని ఉంది. విషయం కదపగానే ఆవిడ గయ్యిమంది.

“దాన్ని కోయించుకోమని నేనన్నానా? అడుగు. ఒక్క మాటన్లేదు. గాదె నాది కాదు పిల్లా, చచ్చిపోయిన మా అత్తలది. వెళ్ళి వాళ్ళతో మాట్లాడుకో.”

చచ్చిపోయిన అత్తగార్లతో సంప్రదింపులు జరిపే వీలు మన శాఖలో ఇప్పటికీ లేదు. లోయిస్ గారు వాకిట్లో కాసేపు అటూ ఇటూ తిరిగారు. ఆ తరువాత చేసిన పని ఎందుకు చేశారో ఆమె ఈనాటికీ చెప్పలేరు. చెప్పులు విడిచారు, చేట చంకన పెట్టుకున్నారు, యాభై ఏళ్ళ వయసులో, బరువైన శరీరంతో, ఆఫీసు లంగాతో నిచ్చెన ఎక్కి, గడ్డి మూత పక్కకు తోసి గాదెలో తలా భుజాలూ దూర్చారు. స్కోవియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ కదల్లేదు. చేట నిండింది గానీ, మనిషి వెనక్కి రాలేక ఇరుక్కుపోయారు.

“ఎడమ కాలు పిల్లా,” అంది మూసోబో నాయనమ్మ, ఉండబట్టలేక. “ఎడమ కాలు కిందకి దించు. ఆ మెట్టు కాదు, అది ఊగుతుంది. నీకు నిచ్చెన దిగడం కూడా ఎవరూ నేర్పలేదా?”

“నన్నెవరు ఎక్కనిచ్చారవ్వా నేర్చుకోడానికి?” అన్నారు లోయిస్ గారు గాదె లోపలినుంచి.

కిందికి దిగాక పెద్దావిడ గాదెను ఎగాదిగా చూసి, “చెడిపోయింది,” అంది. లోయిస్ గారు చేట కింద పెట్టారు. ఉన్న ఒక్క దారినీ తన చేత్తోనే మూసేశానని, ఇక స్కోవియాను ఎవరూ ఆపలేరని అనుకుని, క్షమాపణ చెప్పబోయారు.

“చెడిపోయినదాన్ని ఇంకెవరెక్కితే మాత్రం ఏమౌతుంది?” అంది పెద్దావిడ విసుగ్గా. “ఒసే స్కోవియా, వెళ్ళి ఇంకో చేటెడు దించు. జావ కాయి. ఈ లావుపాటి పిల్లక్కూడా పొయ్యి.”

స్కోవియా నిచ్చెన మొదట్లో నిలబడి అత్త ముఖమూ, లోయిస్ గారి ముఖమూ మార్చి మార్చి చూసింది. తరువాత ఎక్కింది. ఆ డిసెంబరులో ఆమె కోతకు వెళ్ళలేదు, ఆ తరువాత ఏ డిసెంబరులోనూ వెళ్ళలేదు.

పంట చేతికి వచ్చేసరికి మోకాళ్ళ నొప్పుల అవ్వ ఒకావిడ కార్యాలయానికి వచ్చి, “మా గాదె ఎప్పుడు చెడగొడతావు పిల్లా?” అని అడిగింది. లోయిస్ గారు తికమకపడ్డారు.

“నేనెక్కితే ఏమీ చెడదవ్వా. అది చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు.”

“చెడకపోతే మా కోడలు ఎలా ఎక్కుతుంది?”

మూఢనమ్మకాన్ని పోగొట్టవలసిన అధికారిణి అదే నమ్మకాన్ని నిచ్చెనగా వాడుకోవడం ఒప్పా, తప్పా అని మథనపడుతూనే ఆమె పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళి గాదె చెడగొట్టి వచ్చారు. జిల్లా అధికారులు వివరణ అడిగితే ‘గృహ సందర్శన’ అని చెప్పారు. కొన్ని గాదెల్లో పురుగు పట్టింది. ఎవరూ ఎక్కని గాదెల్లోనూ పట్టింది. కొన్ని ఇళ్ళవారు ఆమెను చూసి తలుపు వేసుకున్నారు. అలాంటి ఒక ఇంటి కోడలు నది దాటి కోతకు వెళ్ళి, దుప్పటి జోలెలో తిరిగి వచ్చి, రెండో రోజున కన్నుమూసింది. ఆ మంచం పక్కన కూర్చున్నది లోయిస్ గారే. శీర్షిక వద్దనడానికి కారణం అదేనని మనం గ్రహించాలి.

క్వార్టర్సు ఖాళీ చేయవలసిన సమయం రావడంతో, అభినందన సభకు ఆమె అత్తగారిని ఆహ్వానించడానికి కార్యాలయ సిబ్బంది ఆమె వెంట ఆమె అత్తవారి ఊరు వెళ్ళారు. చూపు మందగించిన ఆ వృద్ధురాలు ఆహ్వానం అందుకుని, కోడలి వైపు తిరిగారు.

“నౌకరీ అయ్యాక ఎక్కడుంటావు?”

“ఇక్కడే అత్తమ్మా, మీరు ఉండనిస్తే.”

“కొండమీద అందరి గాదెలూ చెడగొట్టావంట. మన గాదె వంక మాత్రం ఒక్కనాడూ చూళ్ళేదు. మేమేం తక్కువ చేశామే నీకు?”

లోయిస్ గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “మీరెప్పుడూ పిలవలేదు కదా అత్తమ్మా,” అన్నారు మెల్లగా.

“చుట్టాల్ని పిలుస్తారు. కోడల్ని ఎవరైనా పిలుస్తారా?”

లోయిస్ గారు అందరి ముందూ ఏడ్చేశారు. వారు చేసిన సేవకు ఏ పేరు పెట్టాలో మనకు తెలియకపోయినా, చెసాంగ్ లోయిస్ గారు ఆయురారోగ్యాలతో, భర్తా బిడ్డలతో, తమ ఇంటి గింజలు తామే దించుకుంటూ నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని, ఆ తల్లి చేతి జావ తాగే భాగ్యం మనకూ అప్పుడప్పుడూ కలగాలని మనసారా కోరుకుంటున్నాం.