పెంచి చెప్పిన మాట

(విదేశంలో, చదువుకోవడానికి వచ్చినవాళ్ళు కుటుంబాలతో ఉండే అపార్టుమెంటు. వంటగదిలోనే భోజనాల బల్ల, గోడవారగా మూడు కుర్చీలు. మధ్యాహ్నం. భర్త అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చాడు.)

“వెళ్ళారా లేదా? ముందు అది చెప్పండి.”

“వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? చెప్పులైనా విప్పనీ, అప్పుడే మొదలుపెట్టావు.”

“డాక్టరు ఆ కాగితం దిద్దారా?”

“కాసిన్ని మంచినీళ్ళివ్వు.”

“ఇస్తాను. దిద్దారా?”

“ఆ ఆస్పత్రిలో లిఫ్టు మళ్ళీ పాడైంది, తెలుసా. మెట్లన్నీ ఎక్కేసరికి ప్రాణం పోయినంత పనైంది.”

“మెట్ల సంగతి నేనడగలేదు.”

“డాక్టరుగారు లోపల ఎవరినో చూస్తున్నారట. కౌంటరు దగ్గర అమ్మాయి కూర్చోమంది. కూర్చున్నాను. అక్కడ చేపల తొట్టి ఒకటుంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను.”

“కూర్చుని?”

“వచ్చేశాను.”

“వచ్చేశారా?”

“ఎంతసేపని కూర్చోను? పిట్ట ఏం చేస్తోంది?”

“పిల్ల ముందుగదిలో టీవీ పెట్టుకుని బొమ్మలేసుకుంటోంది. మాట మార్చకండి. ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఆ దిద్దిన కాగితం ఇన్సూరెన్సు వాళ్ళకి చేరాలని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపించాను. మీరు చేపల్ని చూసి వచ్చారు.”

“రేపు వెళ్తానులే.”

“రేపు ఎందుకండీ? రేపు వెళ్ళి చేపలకి మేత వేసి రండి. ఇవాళ్టితో అప్పీలు గడువు అయిపోతుంది.”

“టీవీ సౌండు కాస్త తగ్గించనా?”

“అది తగ్గిస్తే పిల్ల ఏడుస్తుంది. చెవిలో చీము ఉన్నన్నాళ్ళూ మందంగానే వినబడుతుందిట కదా. ఆపరేషనైతే ఆ బాధ ఉండదు. ఆ ఆపరేషను కోసమే నేనిక్కడ గొంతు చించుకుంటున్నాను.”

“చించుకోకు. నీకు ల్యాబు ఉంది కదా ఇప్పుడు? వెళ్ళు, నేను చూసుకుంటాను.”

“ల్యాబులో విత్తనాలు ఒకరోజు ఆలస్యంగా మొలిచినా ఏం కాదు. మీరు చూసుకునేదే అయితే ఈపాటికి అయిపోయేది. అసలు మీకు అర్థమైందా నేను చెప్పింది? మళ్ళీ చెబుతాను వినండి.”

“అర్థమైంది.”

“కాలేదు, వినండి. స్టూడెంటుని నేను. నా ఇన్సూరెన్సు ఫీజుతోపాటే వచ్చేసింది. మీకూ పిట్టకీ విడిగా తీసుకోవాలన్నారు, దిగిన నెలలోపే తీసుకున్నాం. ఎక్కడా తప్పు చెయ్యలేదు. కానీ ఇక్కడికి రాకముందు నుంచీ ఉన్న జబ్బైతే మొదటి ఏడాది వాళ్ళు భరించరు. అదీ రూలు, అది చూపించే పిట్ట ఆపరేషను ఖర్చు కాదన్నారు. ఆ రూలు మనకి వర్తించకూడదు కదా? పిట్టకి చెవి నొప్పి మొదలైందే ఇక్కడికొచ్చాక. దిండు మీద మరక చూసింది నేను. ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేను.”

“ఊఁ.”

“అక్కడ డాక్టరు ఎప్పట్నుంచి అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు మీరేమన్నారు?”

“ఇప్పుడెందుకు అదంతా.”

“ఏమన్నారు?”

“చాలా రోజుల నుంచీ అన్నాను.”

“చాలా రోజులనలేదు. పోయిన ఏడాది నుంచీ అన్నారు. అప్పుడప్పుడు కారుతుంది, ఆ పక్క నుంచి పిలిస్తే పలకదు అన్నారు. కథ అల్లి మరీ చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసేసుకున్నాడు.”

“డాక్టరు అడిగితే చెప్పొద్దా?”

“ఉన్నది చెప్పండి. మన దగ్గరైతే పెంచి చెప్పాలి, నాకూ తెలుసు. నిన్న జ్వరమొస్తే వారం నుంచీ అంటేగానీ డాక్టరు తలెత్తి చూడడు. మీ నాన్నగారైతే తుమ్ము వచ్చినా నెల్లాళ్ళ నుంచీ అనేవారు. మీకు ఆ అలవాటే వచ్చింది. ఇక్కడ అలా కాదండీ. ఇక్కడ మనం అన్న మాట మన నెత్తి మీదే కూర్చుంటుంది.”

“సరే, తప్పు నాదే. తిట్టావుగా. అన్నం పెట్టు.”

“మీ తప్పని ఒప్పుకుంటే సరిపోతుందా? ఆ డాక్టరు దగ్గరికెళ్ళి, అయ్యా, కంగారులో పెంచి చెప్పాను, ఇది ఇక్కడికొచ్చాకే మొదలైందని ఒక్క ముక్క చెప్పడానికి మీకేంటి కష్టం? మీ నోటితోనే చెప్పాలట, చెప్పింది మీరు కాబట్టి. లేకపోతే నేనే వెళ్ళేదాన్ని. మిమ్మల్ని బతిమాలేదాన్నా?”

“పాలు పొంగుతున్నాయి చూడు.”

“పొంగనివ్వండి.”

“అమ్మా, ఆకలి.”

“రా పిట్టా, రా. పెడుతున్నాను. చేతులు కడుక్కున్నావా?”

“ఆఁ?”

“చేతులు, చేతులు. సరే, కూర్చో.”

“అక్కడ కాదు పిట్టా, ఇటు రా. అమ్మకి ఎడమపక్కన కూర్చో. నేను ఇటొస్తాను.”

“ఎక్కడ కూర్చుంటే ఏంటండీ?”

“అక్కడైతే వెలుతురు బాగా పడుతుంది.”

“అన్నం తినడానికి వెలుతురా? ఫోటో స్టూడియోకి తాళం వేసి వచ్చారు గానీ, ఈ అటు జరుగు ఇటు జరుగు మాత్రం పెట్టెలో పెట్టుకుని తెచ్చారు. బస్సెక్కితే అదే, మంచమెక్కితే అదే. వచ్చేటప్పుడు విమానంలో కిటికీ సీటు కావాలని అది ఒకటే ఏడుపు. వినలేదు కదా మీరు. దాన్ని లేపి నా ఎడమపక్కకి మార్చేదాకా మీకు నిద్ర పట్టలేదు.”

“అలవాటు. ఏం చెయ్యను?”

“ఇవాళ మీ ఫోటో ఎవరూ తీయట్లేదు. పిట్టా, నువ్వు ఎక్కడా కదలకు. నా కుడిపక్కనే కూర్చో. నాన్న నీకు అటువైపు కూర్చుంటారు. అన్నిటికీ ఈయన మాటే చెల్లాలంటే ఎలా?”

“సరే సరే. ముద్ద పెట్టు దానికి.”

“పెడతాను. మీరు తినేసి మళ్ళీ ఆస్పత్రికి బయలుదేరండి.”

“చూద్దాం.”

“చూద్దామంటే? ఏమండీ, ఆ డాక్టరు మొన్న నాతో అన్నమాట మీరు వినలేదా? ఆ జబ్బు చెవి లోపల ఎముకని తినేస్తోందట. ఆలస్యమైతే ఇంకా లోపలికి పాకుతుందట. ఏడాది ఆగితే ఏమవుతుందని అడిగితే అంతదాకా ఆగేది కాదమ్మా అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. మీకు పడుతోందా?”

“నాకు మాత్రం ఎలా పడుతుంది?”

“మరి ఎందుకండీ ఇలా చేస్తున్నారు? నేను మిమ్మల్ని అబద్ధం చెప్పమనట్లేదే. నిజం చెప్పమంటున్నాను. నిజం చెప్పడానికి ఇంత బతిమాలించుకుంటారా ఎవరైనా?”

“కోపం తెచ్చుకోకు. పిల్ల చూస్తోంది.”

“చూడనివ్వండి. సరే, మీరు వెళ్ళొద్దు. నాకింకో దారి తట్టింది. నా ఫోనెక్కడుంది?”

“ఎవరికి?”

“వదినకి.”

“అక్కకా? అక్కకి ఎందుకు?”

“మీ అక్క కుట్టుషాపు ఎదురుగానే కదా ఆ చెవి డాక్టరుగారు ఉండేది. ఊళ్ళో ఉన్నది ఆయనొక్కరే. చెవి పోటొస్తే ఎవరైనా ఆయన దగ్గరికే పోవాలి. ఈ పిల్ల చెవి జబ్బుతో ఎప్పుడూ నా దగ్గరికి రాలేదని ఒక ముక్క రాసిస్తే చాలు. వదిన ఫోటో తీసి పంపిస్తుంది. నేను పరిగెత్తుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేస్తాను.”

“చూడని పిల్ల గురించి ఆయనెలా రాస్తాడు?”

“చూడలేదనే రాస్తాడు. అదేగా కావాలి.”

“ఇప్పుడు అక్క పనిలో ఉంటుంది.”

“వదిన ఫోను ఎత్తని వేళ ఉందా? మిషను తొక్కుతూ కూడా మాట్లాడుతుంది.”

“వద్దులే. ఇక్కడి గొడవలన్నీ వాళ్ళకెందుకు. కంగారు పడతారు.”

“మీకేమైందండీ? అటు మీరు కదలరు, ఇటు నన్ను కదలనివ్వరు.”

“ఫోనిటివ్వు. నేనే వెళ్తాను ఆస్పత్రికి. ఇప్పుడే వెళ్తాను, అన్నం కూడా తినను. పెంచి చెప్పానని చెబుతాను. అదేగా చెప్పాల్సింది? చెబుతాను. ఫోను పెట్టెయ్.”

“ఇంతసేపూ వెళ్ళని మనిషి ఇప్పుడు లేస్తున్నారా? కూర్చోండి. రింగవుతోంది. స్పీకరు పెడుతున్నాను.”

“పెట్టకు. నా మాట విను. ముందు నేను నీకొకటి చెప్పాలి.”

“తర్వాత చెప్పండి. హలో, వదినా?”

“ఏమ్మా, బాగున్నారా? ఇప్పుడే మిమ్మల్ని తలుచుకున్నాను. పిట్టకి పావడా కుడుతున్నాలే, పొడుగెంత పెట్టమంటావు?”

“తర్వాత చెబుతాను వదినా. మీరొక పని చేసిపెట్టాలి. మీ ఎదురుగా చెవి డాక్టరుగారు ఉన్నారా ఇప్పుడు?”

“ఉన్నారు. జనం బయటిదాకా ఉన్నారు. ఏం?”

“అక్కా, నేను మళ్ళీ చేస్తాను. ఇక్కడ అన్నాలు తింటున్నాం.”

“నువ్వుండరా, అమ్మాయి ఏదో చెబుతోంది. చెప్పమ్మా.”

“ఏం లేదు వదినా. పిట్ట చెవికి ఇక్కడ ఆపరేషను చెయ్యాలన్నారు. పాతజబ్బు అని ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు ఇవ్వం అంటున్నారు. పిట్టని ఆ డాక్టరుగారు ఎప్పుడూ చూడలేదని ఆయన చేత ఒక ముక్క రాయించి పంపగలరా?”

“చూడలేదేంటమ్మా? చూశారుగా.”

“ఎవర్ని?”

“పిట్టని. నేనేగా వీడి వెంట వెళ్ళింది. చెవులకి ఏదో తగిలించి గదిలో కూర్చోబెట్టి పరీక్ష కూడా చేశారు. పాపం పిల్ల బెదిరిపోతే జామకాయ కొనిచ్చి ఊరుకోబెట్టాను.”

“ఎప్పుడు వదినా?”

“నీకు సీటు వచ్చిన వారమే. నువ్వు ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పుకుంటున్నావు చూడు, ఆ రోజుల్లోనే. అదేంటి, నీకు తెలియదా?”

“ఏమన్నారు డాక్టరుగారు?”

“ఏరా, చెప్పలేదా నువ్వు? నేనే చెబుతానన్నావు, నా చేత ఒట్టేయించుకుని నన్ను నోరు మూసుకోమన్నావు.”

“అక్కా, ఇక చాలు.”

“చెప్పండి వదినా. ఏమన్నారు?”

“ఎడమచెవి పోయిందన్నారమ్మా. లోపల పుండు పాతదట, వినికిడి ఇక రాదు, అది పైకి పాకకుండా ఆపరేషను మాత్రం చేయించండి అన్నారు. వీడేమో అక్కడైతే స్టూడెంట్ల ఇళ్ళల్లో వాళ్ళకి కూడా ఇన్సూరెన్సు ఉంటుందిట అక్కా, పెద్ద ఆస్పత్రిలో చేయిస్తాను, వెళ్ళీ వెళ్ళగానే చేయిస్తాను అన్నాడు. ఇంకా చేయించలేదా? అమ్మాయ్, ఉన్నావా?”

“ఉన్నాను వదినా. తర్వాత చేస్తాను.”

“వాడిని ఏమీ అనకమ్మా. ఆ రోజు షాపులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.”

“తర్వాత చేస్తాను వదినా.”

“పెట్టేసిందా?”

“పెట్టేశాను.”

“నీకు చెబుదామనే అనుకున్నాను. ఇంటికి వచ్చాను. నువ్వు పిట్టని ఎత్తుకుని తిప్పుతున్నావు, మనం వెళ్తున్నాం, మనం వెళ్తున్నాం అని. చెబితే నువ్వు సీటు వదులుకునేదానివి.”

“వదులుకునేదాన్నే.”

“అందుకే చెప్పలేదు. ఇక్కడికి రాగానే చేయించేస్తే నీకు తెలిసేలోపు అంతా అయిపోతుందనుకున్నాను. ఆ రూలు ఒకటుందని నాకేం తెలుసు?”

“అయితే ఆ రోజు డాక్టరు ముందు మీరు పెంచి చెప్పలేదన్నమాట.”

“పిల్ల చెవిలో లైటు వేసి చూస్తూ అడిగాడు. ఆయన దగ్గర ఎలా దాచను?”

“నా దగ్గర దాచారు. అన్నేళ్ళ స్కూలు, కాలేజీ, ఈ చదువు, ఎందుకండీ నాకు? నా కూతురికి ఒక చెవి లేదని నాకు తెలియలేదు. నేను కన్నతల్లినండీ.”

“నీకు తెలియకూడదనే కదా నేను అంత కష్టపడింది.”

“ఇన్సూరెన్సు వాళ్ళని దొంగలన్నాను. రోజూ ఫోను చేసి మరీ తిట్టాను. వాళ్ళు చెప్పిందే నిజం.”

“ఇంకా టైముంది. నేనిప్పుడే ఆస్పత్రికి వెళ్తాను. పెంచి చెప్పానని చెబుతాను, సంతకం పెడతాను. ఇన్నాళ్ళూ నీ దగ్గర అబద్ధం చెప్పగలిగాను, వాళ్ళ దగ్గర చెప్పలేనా?”

“విమానంలో కిటికీ సీటు.”

“ఏంటి?”

“అది అంత ఏడ్చినా నా ఎడమపక్కకే మార్చారు. అప్పటికే మీకు తెలుసు.”

“తెలుసు.”

“పిట్టా.”

“ఇప్పుడు దాన్ని కదిలించకు. తనేసిన బొమ్మ చూసుకుంటూ తింటోంది.”

“పిట్టా, అమ్మని రా. ఒక్కసారి ఇటు చూడు.”

“దాని ఎడమపక్క నుంచి పిలిస్తే వినబడదు. లే. నా కుర్చీలోకి వచ్చి పిలువు.”