నా ఐడీ మీద అరవై ఒక్కమంది

నా పేరు చాంద్ సుల్తానా, భర్త పేరు జాకీర్, వయసు నలభై నాలుగు. విశాఖపట్నం పాతనగరంలో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. ఎస్సై గారు అడిగిన మీదట చెబుతున్నాను.

'మన పనితనం' అనే వెబ్‌సైటు వికీ పద్ధతిలో నడుస్తుంది. అంటే అందులో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. ద్వారకా నగర్‌లో కంప్యూటర్ కోచింగ్ ఇచ్చే గుణశేఖర్ గారు దాన్ని పెట్టారు. 2019 నుంచి నేను అందులో రాస్తున్నాను. నిజానికి నేను రాసిందేమీ లేదు. చదువు రానివాళ్ల పక్కన కూర్చుని, తమ పని ఎలా చేస్తారో వాళ్లు చెప్పింది టైపు చేశాను. పడవలు కట్టేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, మొత్తం అరవై ఒక్కమంది. వాళ్లకు ఐడీలు లేవు. అన్నీ నా ఐడీలోనే ఎక్కించాను.

వాళ్లలో మల్కాపురం జోగమ్మ ఒకరు. ఎండు నెత్తళ్ల చేపల పొడి బుట్టలో పెట్టుకుని అమ్ముకుని బతుకుతుంది. పొడి ఎలా చేయాలో చెప్పే ముందు నా చేయి పట్టుకుంది. "ఎవులైనా సదూకోమను, వండుకోమను. అమ్ముకోడానికి మాత్రం ఇవ్వకు పాపా. నాకున్నదదొక్కటే" అంది. సైటులోని రాతలను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు కూడా అప్పట్లో అదే. పేరు చెప్పి వాడుకోవచ్చు, వ్యాపారానికి కుదరదు. సరేనన్నాను.

2024 మార్చి 3, ఆదివారం ఉదయం 11 గంటలకు గుణశేఖర్ గారి సెంటర్లో మీటింగు జరిగింది. తొమ్మిది మందిమి ఉన్నాం. వ్యాపారానికి కూడా వాడుకోనిస్తేనే మన రాతలు పదిచోట్లకు వెళ్తాయి, లైసెన్సు మారుద్దాం, రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి అన్నారాయన. నేను జోగమ్మ మాట ఎత్తాను. "సుల్తానా గారూ, ఐడీ మీదే కదండీ. మీరు ఒప్పుకుంటే చాలు" అన్నారు. టీ వచ్చింది. సమోసాలు కూడా వచ్చాయి. నేను ఫోనులో 'అంగీకరిస్తున్నాను' నొక్కాను. నా ఒక్క వేలితో అరవై ఒక్కమంది ఒప్పుకున్నారు. మల్కాపురానికి బస్సెక్కితే ముప్పావు గంట. నేను ఎక్కలేదు.

ఆగస్టులో ఒక కంపెనీ ఆ పొడి ప్యాకెట్లు వేసింది. వెనక చిన్న అక్షరాల్లో 'తయారీ పద్ధతి: జోగమ్మ, మల్కాపురం' అని ఉంది. లైసెన్సు ప్రకారం పేరు వేయాలి, వేశారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, అంత పద్ధతైన మనుషులు. ఆగస్టు 12, సోమవారం సాయంత్రం 5 గంటలకు జోగమ్మ ఆ ప్యాకెట్టు పట్టుకుని నా షాపుకు వచ్చింది. "నాను కంపెనీకి అమ్మీసినానని అంటన్నారు పాపా. బుట్ట కాడికి ఎవులూ రావట్లేదు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అదే సాయంత్రం 6.20కి నా ఐడీలో ఉన్న అరవై ఒక్క పేజీలూ ఖాళీ చేశాను. గుణశేఖర్ గారు ఇచ్చిన ఫిర్యాదు దీని మీదే. ఆయన పది నిమిషాల్లో పాత ప్రతులన్నీ తిరిగి పెట్టేశారు కూడా. ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి రాదట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకూ తెలుసు.

పేజీలు తీసింది నేనే, ఎవరూ ఎగదోయలేదు. పైన చెప్పిందంతా నిజం. దీన్ని కానిస్టేబుల్ గారు నాకు రెండుసార్లు చదివి వినిపించి, సరిగ్గా ఉందనుకుంటేనే సంతకం చేయమన్నారు. జోగమ్మకు నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

(సం.) చాంద్ సుల్తానా
16-08-2024