మల్లికార్జునరావు గారి తలనాట్లు

మా జీవరత్నం మావయ్య నాగాయలంక నుంచి బస్సు దిగితే సంచీలో ఎండుచేపలూ, నోట్లో ఒక కథా తెచ్చేవాడు. చేపలు మా అమ్మకి, కథ వీధికి.

బందరు చర్చిలో నా పెళ్ళికి మొదటి ప్రకటన చదివిన ఆదివారం కూడా అలాగే దిగాడు. ఏ ఏడో ఈమధ్య సరిగా తట్టడం లేదు గాని, ఆ మాటలు మాత్రం ఇంకా చెవిలో ఉన్నాయి. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. మొదటిది చదివాక రెండోది ఆగిందంటే ఇక చెప్పక్కర్లేదు, పిల్లలో ఏం లోపముందోనని పేటంతా చెవులు కొరుక్కుంటుంది.

పెళ్ళికొడుకు కృపావరం గారు గుడివాడ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేసి వరండాలో కూర్చున్నారు. పక్కన మా నాన్న అబ్రహాము, మావయ్య, ఎదురింటి దర్జీ బషీర్ భాయ్. బషీర్ భాయ్ పెళ్ళికోటుకి కొలతలు తీసుకుందామని టేపు మెళ్ళో వేసుకొచ్చాడు. నేను తలుపు చాటున ఉన్నాను. పెళ్ళి కాకుండా పిల్ల పెళ్ళికొడుకు ముందుకు వెళ్ళి మాట్లాడటం అప్పట్లో మా ఇళ్ళలో లేదు. తలుపు సందులోంచి నాకు ఆయన నడినెత్తి మాత్రం బాగా కనపడుతోంది. ముప్పై ఏళ్ళయినా నిండలేదు, అప్పుడే చెవుల చుట్టూ తప్ప అంతా నున్నగా ఉంది. పొద్దున ప్రకటన చదువుతుంటే ఎవరో ఆడపిల్లలు ఆయన తల చూసి కిసుక్కుమన్నారు. ఆ దిగులు ఇంకా ఆయన ముఖంలోంచి పోలేదు. అది మావయ్య కంట్లో పడింది.

"దీనికింత బాధ దేనికి మాస్టారూ? నేనొక తలకి వైద్యుణ్ణి వెతికిపెట్టాను. పెద్ద గొప్పేం కాదులెండి, ఎవరైనా చేసే సాయమే. మా షావుకారు మల్లికార్జునరావు గారని, నాగాయలంకలో పడవలున్నాయన. ఆయన తల మీ తలకి పెద్దన్నయ్య. పడవ ముక్కు మీద నిలబడ్డారంటే సముద్రంలో ఓడలవాళ్ళు లైట్‌హౌస్ అనుకుని ఇటు తిప్పేసేవాళ్ళు."

"పట్టపగలు లైట్‌హౌస్ ఏంటి బావా?" అన్నాడు బషీర్ భాయ్.

"అందుకే గదయ్యా వాళ్ళు కంగారుపడేది! అడ్డు రాకుండా విను. ఆయన నన్ను పిలిచి, జీవరత్నం, మంచి వైద్యం ఎక్కడుందో నాలుగు చోట్లా చూసి నువ్వే తేల్చు, నువ్వు ఎక్కడ కూర్చోమంటే అక్కడ తల పెట్టుకుని కూర్చుంటానన్నారు. నేను ఒకరు చెప్పింది విని ఊరుకునే మనిషినా? ముందు గుడివాడలో ఒక నూనె వైద్యుడి దగ్గరికెళ్ళాను. పరీక్షకని నాలుగు చుక్కలు అరచేతిలో పోయించుకున్నాను. బస్సు నందివాడ దాటేసరికి ఏమైందో తెలుసా? అరచేతిలో జుట్టు! కండక్టరు చిల్లరిస్తే చేతిలో నిలవదే, జర్రున జారిపోతోంది."

"మరి ఆ నూనే కొనకపోయావా?" అన్నాడు మా నాన్న.

"కొందునే బావా. కానీ బస్సు దిగి చేతులు కడుక్కుంటే మొత్తం ఊడిపోయింది. చేతులు కడుక్కుంటేనే పోయే జుట్టు తలకెందుకు? అక్కణ్ణుంచి ఉయ్యూరు వెళ్ళాను. అక్కడొకాయన చెరుకు మడ్డి రాస్తే చాలన్నాడు. రాసుకున్న మనిషిని చూపించమన్నాను. పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నాడు, తల నల్లగా నిగనిగలాడుతోంది. అబ్బ, ఏం జుట్టురా అనుకుని దగ్గరికెళ్తే జుట్టు కదిలింది. చీమలండీ మాస్టారూ! గండుచీమలు! ఆయనేమో పాపం, జుట్టు చురుగ్గా మొలుస్తోంది అని మురిసిపోతున్నాడు."

బషీర్ భాయ్ తొడ చరిచాడు. కృపావరం గారు నవ్వలేదు. "ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళారండీ?" అన్నారు.

"అలా అడగండి! మద్రాసు వెళ్ళాను. అమెరికాలో కొత్తగా కనిపెట్టారట, తల మీద జుట్టు నాటుతారు. అది చేసే ఆస్పత్రులు రెండున్నాయి. మొదటిది మూడంతస్తుల మేడ. ఫ్యాన్లు, నర్సమ్మలు, వెళ్ళగానే చల్లటి సోడా. అంతా బాగుంది గాని, జుట్టు నాటించుకున్న వాళ్ళందరూ తలపాగాలు చుట్టుకుని కూర్చున్నారు. ఒకసారి విప్పండయ్యా అంటే, చలండీ అన్నారు. మద్రాసులో, మే నెలలో, చలి! సోడా తాగి లేచొచ్చేశాను. రెండోది రేకుల షెడ్డు. ఒక చెక్కబల్ల, ఒక డాక్టరు. నాటించుకున్నాయన ఒకడు బయట కూర్చున్నాడు. ఏమీ అనుకోకండి బాబూ అని ఆయన జుట్టు పిడికిట పట్టి లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. మనిషి లేచి నిలబడ్డాడు గాని జుట్టు రాలేదు. రెండు చేతులా పట్టి పైకెత్తాను. గంటలా అటూ ఇటూ ఊగుతున్నాడు గాని ఒక్క వెంట్రుక తెగితే ఒట్టు! ఇదీ మన ఆస్పత్రి అనుకున్నాను. గుర్తుపెట్టుకోండి మాస్టారూ, ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు ఫ్యాన్లు చూడకూడదు. వాళ్ళు బాగుచేసిన తలలు చూడాలి."

కృపావరం గారు బుద్ధిగా తలూపారు. అక్కడే ఆపి ఉంటే మావయ్యని మంచి సలహాదారు అనేవాళ్ళు. ఆపితే మావయ్యే కాదు.

"ఇక నాట్లంటారా, అచ్చం మన వరినాట్లే. ముందు తల తడిపి దమ్ము చేస్తారు."

"తలకి దమ్మా?"

"చిన్న దువ్వెనతోలే బషీరూ, నాగలి కట్టరు. ఆపైన కుదురుకీ కుదురుకీ కొలత చూసి నాటుతారు."

మా నాన్న బడిపంతులైనా పుట్టింది రైతు ఇంట్లో. "అంతా బానే ఉంది, నారెక్కడిది?" అన్నాడు.

"అదీ అసలు సంగతి! అమెరికా వాళ్ళు వెనక జుట్టు పీకి ముందు నాటుతారట. మా డాక్టరు ఒప్పుకోలేదు. రాలిపోయే జాతి విత్తనమే మళ్ళీ వేస్తే రాలిపోక ఏం చేస్తుంది అన్నాడు. ఏ తలకైనా సరే, కట్టుకున్న భార్య జుట్టు కావాలి. తల్లిది పనికిరాదు, తోబుట్టువుది పట్టదు. ఒకే కుండలో కూడు తిన్న ఆలుమగల తలలే ఒకదానికొకటి అతుకుతాయి. షావుకారు గారి భార్యకి మోకాళ్ళ దాకా జడ. మహాతల్లి, సగం కోసిచ్చింది. నాట్లకని కూలికి పిలిపించిన నర్సమ్మలు వరసగా నిలబడి, నడుం వంచి, పాట పాడుకుంటూ పొద్దుగూకేలోపు నాట్లు పూర్తిచేశారు."

"ఒక్క తల మీద అంతమంది నర్సమ్మలా?"

"పెద్ద తల, బషీరూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాటింది ఆడజుట్టాయె, ఆగుతుందా? నెల తిరిగేసరికి నడుం దాటింది. ఊళ్ళో టూరింగ్ టాకీసుకి వెళ్తే గేటువాడు వెనకనుంచి చూసి, ఆడవాళ్ళు అటమ్మా అని ఆడవాళ్ళ చాప మీద కూర్చోబెట్టాడు. పరువుగల మనిషి, ఏం చేస్తారు? బొమ్మ అయ్యేదాకా పక్కకి తిరగలేదు. మంగలిని పిలిపించాం. వాడు ఈ చెవి దగ్గర మొదలెట్టి ఆ చెవి దాకా వచ్చేసరికి ఈ చెవి మళ్ళీ మునిగిపోయేది. వాడు ఆ ఇంట్లోనే కాపురం పెట్టాడు. కోసిన జుట్టంతా ఏం చేస్తాం? పడవలకి తాళ్ళు పేనాం. కొబ్బరితాడు మొహం చూసినవాడు లేడు ఊళ్ళో."

"తాడు తెగేది కాదా?" అన్నాడు మా నాన్న.

"తెగడమా! తుఫాను సంగతి చెప్పలేదు కదూ? రేవులో పడవలు కొట్టుకుపోతున్నాయి, తాళ్ళు పేనే వ్యవధి లేదు. షావుకారు గారు ఇసుకలో బోర్లా పడుకుని జుట్టు విప్పేశారు. పాయకొక పడవ చొప్పున రేవంతా కట్టేశాం. గాలి విసిరింది, విసిరింది, అలిసిపోయింది. చూస్తే ఒక్క పడవ పోలేదు. పైగా ఒక పాయ పొరపాటున ఎదురుమొండి దీవికి చుట్టుకుందేమో, దీవి గజం ఇటు జరిగింది. ఇప్పటికీ అక్కడివాళ్ళు అడిగితే చెప్తారు, రేవు దగ్గరైందని."

"బావా, ఆయన మెడ?" అన్నాడు బషీర్ భాయ్.

"మెడకేం? నాగాయలంక మెడ!"

మా నాన్న కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. లోపల నేను పైట నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు కృపావరం గారు లేచి నిలబడ్డారు.

"జీవరత్నం గారూ, తుఫాను సంగతి అలా ఉంచండి. ఆ రేకుల షెడ్డు మద్రాసులో ఏ వీధండీ?"

"అదీ... స్టేషను దగ్గరే."

"జుట్టు నిలదొక్కుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"పంటకాలమే. మూడు నాలుగు నెలలు."

"అయితే పాస్టరు గారితో చెప్పి రెండో ప్రకటన ఆపించేస్తాను. జుట్టు వచ్చాకే పెళ్ళి." ఆయన గొంతు చిన్నదైంది. "నన్ను చూసి నవ్వితే నవ్వారండీ. రేపు నా పక్కన నిలబెట్టి ఆ అమ్మాయిని చూసి నవ్వకూడదు కదా."

కథలో తొంభై పాళ్ళు అబద్ధమని ఆయనకీ తెలుసు. మిగిలిన పది పాళ్ళనీ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. మా నాన్న వద్దంటే అల్లుణ్ణి అవమానించినట్టు, ఊరుకుంటే కూతురి పేరు వీధినపడినట్టు. అంతా నేను కల్పించింది బాబూ అని మావయ్య ఒక్క మాటంటే సరిపోయేది. కానీ ఒకసారి చెప్పింది వెనక్కి తీసుకోవడం ఆయన ఒంట్లో లేదు. వీధిలో ఎవరో తెలిసినవాళ్ళు పోతున్నట్టు అటే చూస్తున్నాడు. కృపావరం గారు ఒక కాలు చెప్పులో పెట్టారు.

నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గడప దాటాను.

"మావయ్యా, ఆ డాక్టరు గారు ఎవరి జుట్టు నాటుతారన్నావు?"

"భార్యదే తల్లీ."

"తల్లిది పనికిరాదా?"

"రాదమ్మా."

"చెల్లెలిదో?"

"పట్టదని చెప్పాను కదే హన్నా."

"మరి ఈయన గారు పెళ్ళి ఆపుకుని మద్రాసు వెళ్తే నారు ఎవరిస్తారు?"

బషీర్ భాయ్ "యా అల్లా!" అని గోడకి జారిపడి నవ్వాడు. మావయ్య నోరు తెరిచాడు. ఎంతసేపు తెరిచినా అందులోంచి దీవీ రాలేదు, పడవా రాలేదు. చివరికి, "టీ చల్లారిపోతోందమ్మా, ఇటివ్వు," అన్నాడు.

కృపావరం గారు ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడి మొదటిసారి నావైపు నేరుగా చూశారు.

"పెళ్ళయ్యాక ఇస్తారా అండీ, మీ జడ?"

"ఇవ్వనండీ."

"అదేం?"

"మనకి కట్టుకోవడానికి పడవలెక్కడున్నాయి, అంత జుట్టెందుకు?"

నోరు జారాక గాని తెలియలేదు, మనకి అన్నానని. మా నాన్న తల వంచుకున్నాడు, కోపమో నవ్వో కనపడకుండా. కృపావరం గారు చెప్పు విడిచి మెట్లెక్కి వచ్చి, పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుని, ఇందాకటి చోటే కూర్చున్నారు.

"మావయ్యగారూ," అన్నారు మా నాన్నతో, "వచ్చే ఆదివారం పాస్టరు గారిని కాస్త గట్టిగా చదవమనండి."